తాతల యూరు

హిందూమహాసముద్రమునందలి మారిషసు ద్వీపమునకు 1834వ సంవత్సరము మొదలుకొని లక్షలకొలది భారతీయులు చెఱకు తోటలలో ఒడంబడిక కూలీలుగా పోయిరి. వారిలో కోరంగి రేవున ఓడ యెక్కిన తెలుగువారును గలరు. వారి మునిమనుమలలో కొందఱు నేడు తాతల యూరు చూడగోరి ఆంధ్రదేశమునకు వచ్చుచుందురు.

ఆ యూరి పేరు ఎట్లు తెలియును? ఆ ద్వీపమున మోకా యను నూరిలోని మహాత్మాగాంధీ సంస్థలో నాటి దస్త్రములు భద్రముగా నున్నవి. కూలికొక సంఖ్య, సంఖ్య కెదురుగా పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, గ్రామము. అయితే తెలుగెఱుగని గుమాస్తాలు చెవికి సోకినట్లు వ్రాసికొనిరి. పైగా ఒకే పేరు గల పల్లెలు మన జిల్లాలలో ఎన్ని లేవు!

ఇంటిపేరు సంగతి మఱింత చిక్కు. అచ్చట తాత సొంత పేరే సంతతికి వంశనామమై నిలిచినది. అప్పలస్వామి మనుమలు, మునిమనుమలు అందఱును అప్పలస్వాములే. మన పల్లెలో క్రొత్తవానిని ముందుగా నడుగునది ఇంటిపేరే కదా! అది చెప్పలేనివానికి జ్ఞాతులు ఎదుట నిలిచియున్నను తెలియదు.

ఐనను ఆ పేరే కొంత దారి చూపును. సింహాచలము అప్పన్న పేరు బిడ్డలకు పెట్టుకొనుట విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము సీమల వాడుక. ఇంటిపేరు మఱచిన యా తెలుగువారు మారిషసులో సింహాద్రి అప్పన్న పూజ నేటికిని మానలేదు.