ఎస్సెన్ గురించి రాయమంటే గరివిడి దొరికింది

పోయిన సెమిస్టర్‌లో నేను జర్మన్ భాష ఎలెక్టివ్ తీసుకున్నాను. అసైన్‌మెంట్ ఏంటంటే, ఒక జర్మన్ పారిశ్రామిక పట్టణం చరిత్ర రెండు పేజీల్లో రాయాలి. నేను ఎస్సెన్ ఎంచుకున్నాను. 1811లో ఫ్రీడ్రిక్ క్రుప్ అక్కడ ఉక్కు ఫౌండ్రీ పెట్టాడు, కింద బొగ్గు ఉంది, పక్కన రూర్ నది ఉంది, ఊరు పెరిగింది. రెండు గంటల్లో అయిపోయింది.

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు మా తాతయ్యకి చూపించాను. ఆయన గరివిడిలో ఫర్నేసు మీద పనిచేసి రిటైరైన మనిషి. అంతా విని ఒకటే అడిగారు: "బాగానే రాసినావు గానీ, మరి మన గరివిడి సంగతేటి? దానికి సరిత్ర లేదేటి?"

నా దగ్గర సమాధానం లేదు. విజయనగరం నుంచి పలాస వైపు రైల్లో వెళ్తే నెల్లిమర్ల దాటాక, చీపురుపల్లికి ముందు వచ్చే స్టేషన్ గరివిడి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కానీ ఎస్సెన్ గురించి తెలిసినంత కూడా దాని గురించి తెలీదు. అందుకే ఈ వ్యాసం.

ముందు మాంగనీసు సంగతి

గరివిడి కథ అర్థం కావాలంటే ముందు ఉక్కు తయారీలో ఒక చిక్కు అర్థం కావాలి. 1856లో ఇంగ్లండ్‌లో హెన్రీ బెస్సెమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే పద్ధతి ప్రకటించాడు. కానీ చాలామంది చేతిలో ఆ ఉక్కు పెళుసుగా వచ్చింది. కారణం రెండు. లోపల ఆక్సిజన్ మిగిలిపోతోంది. గంధకం ఇనుముతో కలిసి, వేడి మీద సుత్తి దెబ్బ పడగానే ఉక్కు విచ్చిపోయేలా చేస్తోంది.

రాబర్ట్ ముషెట్ అనే ఆయన అందులో కొంచెం 'స్పీగెలైజెన్' కలిపి చూశాడు. జర్మన్‌లో ఆ మాటకి అద్దపు ఇనుము అని అర్థం, విరిస్తే అద్దంలా మెరుస్తుంది కాబట్టి. జర్మనీలో సీగెన్ పట్టణం చుట్టుపక్కల దొరికే ఇనుప ఖనిజంలో సహజంగానే మాంగనీసు ఉంటుంది, దానితో చేసిన ఇనుము ఇది. ఆ మాంగనీసు ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది, గంధకాన్ని తనతో కట్టేసుకుంటుంది. ఉక్కు గట్టిపడుతుంది. అప్పటి నుంచి మాంగనీసు లేకుండా మామూలు ఉక్కు తయారీ లేదు. ప్రతి టన్నుకీ కొన్ని కిలోలు కావాల్సిందే.

యూరప్‌లో ఉక్కు కొలుములు పెరిగేకొద్దీ మాంగనీసు కోసం వెతుకులాట మొదలైంది. ఆ వెతుకులాట మన చీపురుపల్లి పొలాల దాకా వచ్చింది.

రాళ్ళకి మన ఊళ్ళ పేర్లు

భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో, మన విజయనగరం ప్రాంతంలోనే. అప్పటికి ఇది విశాఖపట్నం జిల్లా, విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. కోడూరు, గర్భాం, గరివిడి చుట్టుపక్కల గనులు తెరిచారు. జియోలాజికల్ సర్వేలో పనిచేసిన లూయిస్ లీ ఫెర్మర్ ఈ గనులన్నీ పరిశీలించి, 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఇక్కడ దొరికిన ఒక వింత రాతికి కోడూరు పేరు మీద 'కోడూరైట్' అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా కనిపించే రాయి ఖోండలైట్, అది ఖోండు గిరిజనుల పేరు. అంటే ప్రపంచంలో ఎక్కడ జియాలజీ చదివినా మన ఊరి పేరూ మనవాళ్ళ పేరూ చదువుతారు. కోడూరుకి ఇరవై కిలోమీటర్ల దూరంలో పెరిగిన నేను మాత్రం ఇప్పుడు చదివాను.

అరవై ఏళ్ళకి పైగా ఇక్కడ జరిగింది తవ్వడం, ఎగుమతి చేయడం. రాయి మనది, దాన్ని కరిగించే కొలిమి ఎక్కడో. 1933లో విశాఖ ఓడరేవు తెరవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి మధ్య పరగణాల మాంగనీసుని ఓడలకెక్కించడం.

1955

ఆ పరిస్థితి మారింది 1955లో. సరాఫ్ కుటుంబం ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, అంటే మనం 'ఫేకర్' అనే కంపెనీ స్థాపించింది. గరివిడిలో ఫ్యాక్టరీ వచ్చింది, పక్కనే శ్రీరాంనగర్ అనే కాలనీ లేచింది. అందుకే ఊరికి రెండు పేర్లు: స్టేషన్ బోర్డు మీద గరివిడి, ఉత్తరాల మీద శ్రీరాంనగర్.

అదే 1955లో ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. ఈ రెండూ ఒకే ఏడాది రావడం నాకు ఊరికే కలిసొచ్చినట్టు అనిపించదు. ఎందుకంటే ఫెర్రో మాంగనీసు నిజానికి కరెంటుతో వండే సరుకు.

కొలిమి ఎలా పనిచేస్తుందో తాతయ్య చెప్పింది, నేను చదివింది కలిపి రాస్తాను. పెద్ద గుండ్రటి కొలిమిలో ఖనిజం, కోక్ బొగ్గు, సున్నపురాయి లాంటివి పోస్తారు. పైనుంచి మూడు లావుపాటి కార్బన్ ఎలక్ట్రోడ్లు ఆ సరుకులోకే దిగి ఉంటాయి, మూడు ఫేజులకీ మూడు. కరెంటు పారుతుంటే లోపల వేడి 1,500 డిగ్రీలకి అటూఇటూ వస్తుంది. కోక్‌లోని కార్బన్ ఖనిజంలోని ఆక్సిజన్‌ని తీసుకుని గ్యాసుగా పోతుంది. లోహం అడుక్కి దిగుతుంది, చిట్టెం, అంటే స్లాగ్, పైన తేలుతుంది. కొన్ని గంటలకోసారి కింద రంధ్రం తెరిచి లోహాన్ని బయటకి వదులుతారు. అదే ట్యాపింగ్. "ట్యాపింగ్ టయానికి మొకం మాడిపోయేది, వీపు సల్లగుండేది" అన్నారు తాతయ్య.

కొలిమి పగలూ రాత్రీ నడవాలి. ఆపితే లోపలి సరుకు గడ్డకడుతుంది. కాబట్టి ఊరు కూడా మూడు షిఫ్టుల్లో బతికింది. మా నాన్నమ్మ వంట టైము సూర్యుణ్ణి బట్టి కాదు, షిఫ్టుని బట్టి.

కరెంటు లెక్క

ఒక టన్ను ఫెర్రో మాంగనీసుకి సుమారు 3,000 యూనిట్ల కరెంటు కావాలి. నెలకి 100 యూనిట్లు వాడే ఇంటికి అది రెండున్నరేళ్ళ కరెంటు.

2022లో మన రాష్ట్రంలో పరిశ్రమల మీద విద్యుత్ సుంకం యూనిట్‌కి 6 పైసల నుంచి 1 రూపాయికి పెరిగింది. అంటే 94 పైసలు ఎక్కువ. మూడు వేలతో గుణిస్తే టన్నుకి 2,820 రూపాయలు. ఇది సుంకం ఒక్కటే, అసలు ఛార్జీ వేరే. రాష్ట్రంలో ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమ అంతా దీని గురించే మొత్తుకుంది.

ఇక్కడే నాకు గరివిడి స్వభావం అర్థమైంది. దాన్ని అందరూ ఖనిజం మీద నిలబడ్డ ఊరు అనుకుంటారు. కానీ తర్వాతి కాలంలో ఇక్కడ ఫెర్రో క్రోమ్ కూడా చేశారు, దానికి క్రోమైట్ ఒడిశా నుంచి వచ్చేది. 2004లో కంపెనీ మూడుగా విడిపోయినప్పుడు ఆ గనులు ఒడిశా భాగానికి వెళ్ళాయి. ఖనిజం వేరే చోటు నుంచి తెచ్చుకోవచ్చు. కరెంటు ధర మాత్రం ఊరి చేతిలో లేదు. మా బ్రాంచి భాషలో చెప్పాలంటే ఇది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఒక్క సర్వర్ మీద మొత్తం సిస్టమ్ పెడితే ఏమవుతుందో, ఒక్క కొలిమి మీద ఊరు పెడితే అదే అవుతుంది. కిళ్ళీ కొట్టు, టైలరు, ట్యూషన్ మాస్టారు, అందరి జీతం ఆ కొలిమిలోంచే వచ్చేది.

మళ్ళీ ఎస్సెన్

ఎస్సెన్‌కీ ఈ కష్టం వచ్చింది. అక్కడి జోల్‌వెరైన్ బొగ్గు గని 1986లో మూతపడింది. కానీ వాళ్ళు దాన్ని తుక్కు కింద అమ్మేయలేదు. 2001లో అది యునెస్కో వారసత్వ స్థలమైంది. ఇప్పుడు జనం టికెట్ కొని చూస్తారు.

గరివిడిని మ్యూజియం చేయమని నేను అనడం లేదు. అక్కడివాళ్ళకి కావాల్సింది ముందు పని. నేను అనేది ఏంటంటే, ఎస్సెన్ గురించి నేను రెండు గంటల్లో రాయగలిగానంటే, అక్కడ ఎవరో కూర్చుని అన్నీ రాసి పెట్టారు కాబట్టే. గరివిడి కొలిమి సంగతులు మాత్రం తాతయ్య లాంటి వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆయనకిప్పుడు డెబ్బై ఆరు. నేను మూడు గంటలు ఫోన్‌లో రికార్డు చేశాను, ఇంకా సగం కూడా అవ్వలేదు.

మన క్లబ్బులో నెల్లిమర్ల వాళ్ళున్నారు, ఆమదాలవలస వాళ్ళున్నారు, పలాస వాళ్ళున్నారు. మీ ఊళ్ళోనూ జూట్ మిల్లో, చక్కెర ఫ్యాక్టరీయో, జీడిపప్పు బట్టీయో ఉంటుంది, లేదా ఉండేది. ఈ సెలవుల్లో అక్కడ పనిచేసిన ఒక్కరితో ఒక గంట కూర్చోండి. ఏ పని చేసేవారు, ఏ పనిముట్టుని ఏమనేవారు, జీతం ఎంత, అడిగి రాసి పంపండి. వచ్చే సంచికలో అవన్నీ పక్కపక్కన వేద్దాం.

జర్మన్ అసైన్‌మెంట్‌కి నాకు పదికి తొమ్మిది వచ్చాయి. తాతయ్య పరీక్ష మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నాను.