తాకి చూడలేని వారికి అమ్మునప్పుడు

పూర్వము చీర కొనదలచిన స్త్రీ అంగడికి వెళ్లి, బట్టను వ్రేళ్ల మధ్య నలిపి, వెలుతురులో పట్టి, తిరగవేసి చూచి, బేరమాడి కొనెడిది. నేడు అనేకులు వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఒక చిత్రమును చూచి, ముందుగానే సొమ్ము పంపుచున్నారు. వారి చేయి తెలిసికొనలేనిదానిని అమ్మువారి మాట తెలియజేయవలెను. చిన్న వ్యాపారి ప్రచార ధర్మమంతయు ఇందులోనే ఇమిడియున్నది. ఇంటినుండి చీరలమ్ము ఒక సోదరిని మనస్సునందుంచుకొని దీనిని పరిశీలింతము.

1. సరుకును గూర్చిన మాట: పోచంపల్లి ఇక్కత్‌లో నేయక మునుపే నూలును కట్టి రంగులో ముంచుదురు. కావున నమూనా రెండు వైపులను ఇంచుమించు సమానముగా కనబడును. అచ్చువేసిన బట్ట వెనుక వైపు సాధారణముగా వెలవెలబోవును. అచ్చు చీరను అచ్చు చీరయని చెప్పి అమ్ముటలో తప్పు లేదు. దానికి పోచంపల్లి పేరు పెట్టుటయే దోషము. ఆ పేరు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద నమోదైనది; అది మగ్గముమీద కూర్చున్న కుటుంబముల కష్టార్జితము. కనుక ఇందులో నష్టపోవునది కొన్నవారు మాత్రమే కాదు. మనకు కనబడని నేతగాని కూలియు దొంగిలింపబడుచున్నది. చీర వెనుక వైపును కూడ పగటి వెలుతురులో చిత్రము తీసి పెట్టుడి.

2. మెప్పును గూర్చిన మాట: బంధువులచేత కొన్నవారివలె పొగడ్తలు వ్రాయించుట అబద్ధసాక్ష్యము. ఉచితముగా చీర పుచ్చుకొని మెచ్చుకొనినవారు ఆ సంగతిని తెలుపవలెనని 2022 జూన్ 9న వెలువడిన కేంద్ర మార్గదర్శకములు చెప్పుచున్నవి. తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చునని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో నున్నది.

3. తొందర పెట్టు మాట: బీరువాలో ఇరువది చీరలుండగా “రెండే మిగిలినవి” అని వ్రాయుట చిన్న విషయమని తోచవచ్చును. కాని అది ఎదుటివారి ఆలోచించుకొను సమయమును అపహరించుటయే. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము నిషేధించిన 13 మోసపు పద్ధతులలో లేని తొందరను పుట్టించుట ఒకటి.

4. పరుల వివరములు: సరుకు పంపుటకై తెలిపిన ఫోను నంబరును అడుగకయే ప్రకటనల గుంపులో చేర్చుట, కొన్నవారి చిత్రమును అనుమతి లేక ప్రచురించుట తగదు.

“అందరును ఇట్లే చేయుచుండగా నిజము చెప్పి నిలువగలమా?” అని ఆ సోదరి అడుగవచ్చును. ఈ పండుగకు ఆమె అమ్మకము తగ్గవచ్చును. దానిని మనము కాదనరాదు. పిల్లల ఫీజు కట్టవలసిన నెలలో అది చిన్న నష్టము కాదు. అయినను పెద్ద కంపెనీకున్న ప్రకటనల సొమ్ము ఆమెకు లేదు. ఒకసారి కొన్నవారు మరల వచ్చుటయే, పొరుగువారికి చెప్పుటయే ఆమె మూలధనము. అబద్ధముతో అమ్మిన ప్రతి చీర ఆ మూలధనమును తినివేయును.

ఆలోచించుటకు:
సరుకు విప్పిన దినమున కొన్నవారు నా ప్రకటనను మరల చదివినయెడల నేను సిగ్గుపడుదునా?
ఈ సరుకును చేసినవారు నా మాటలను విన్నయెడల ఒప్పుకొందురా?
నేడే దిద్దవలసిన ప్రకటన నా ఫోనులో ఏది?