మీల్‌మేకర్ తింటే ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందా?

తెలంగాణలో సోయా సాగు ఎక్కువగా ఆదిలాబాద్, నిజామాబాద్ వైపే. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు పల్లెల్లో సోయా ప్రధానంగా మీల్‌మేకర్ రూపంలో, కిరాణా కొట్టు నుంచి వంటింటికి చేరుతుంది. నూనె తీసేసిన సోయాపిండితో తయారయ్యే ఈ ఎండు ముక్కల్లో సగం వరకూ ప్రొటీనే.

సోయాలోని జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్లు నిర్మాణంలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పోలి ఉంటాయి. కొందరి పేగుల్లోని బ్యాక్టీరియా మాత్రమే డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే మరో పదార్థంగా మార్చగలదు. కాబట్టి ఒకే కూర అందరిలోనూ ఒకేలా పనిచేయదు.

సోయా ఎక్కువగా తినే పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ తక్కువని పలు పరిశీలనలను కలిపి 2018లో చేసిన విశ్లేషణ తేల్చింది. అయితే ఆ తేడాకు వారి మిగతా తిండి, జీవనశైలి కూడా కారణం కావచ్చు. అమెరికాలో 2013లో వెలువడిన ప్రయోగ ఫలితం అంతకన్నా గట్టి సాక్ష్యం. ప్రోస్టేట్ గ్రంథి తొలగించుకున్నవారికి రెండేళ్లపాటు రోజూ 20 గ్రాముల సోయా ప్రొటీన్ ఇచ్చినా క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గలేదు. సోయాను మందుగా చూడటం తగదు.

సోయా తింటే మగవారిలో టెస్టోస్టిరాన్ హార్మోన్ పడిపోతుందన్న భయానికీ ప్రయోగాల్లో ఆధారం దొరకలేదు. వారానికి రెండు మూడుసార్లు మీల్‌మేకర్ కూర తినడం నిరభ్యంతరం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రం రెంటికీ మధ్య కొన్ని గంటల ఎడం పాటించాలి. యాభై దాటిన మగవారు, తండ్రికో అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినవారు పీఎస్ఏ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగాలి. మూత్రధార సన్నబడినా, మూత్రంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు.