ఎన్నో ‘హట్’?

చిరంజీవి మేనల్లుడికి,

స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ టీములో నిన్ను లైన్‌లో నిలబెట్టారనీ, మొదటి ప్రాక్టీసులోనే మూడుసార్లు ముందే కదిలి ఫాల్స్ స్టార్ట్ చేశావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తనకది పెద్ద నేరంలా వినబడినట్టుంది పాపం. మ్యాచ్‌లో అయితే అయిదు గజాలు వెనక్కి జరుపుతారు, అంతే.

ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ అరిచే మాటలకి అర్థాలు రాసి పంపమన్నావు. ఆ పిచ్చి నాకూ ఉండేది. 2014 జనవరిలో డెన్వర్, శాన్ డియాగో జట్ల ప్లేఆఫ్ మ్యాచ్‌కి నోటుపుస్తకం పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ‘ఒమాహా’ అన్నప్పుడల్లా ఒక గీత. మర్నాడు లెక్క 44 అని తేలింది. నా గీతలు ముప్పై దాటలేదు. మధ్యలో మీ అత్తయ్య పకోడీలు తెచ్చింది. అసలు ఒమాహా అంటే ఏమిటని ఆ వారమే విలేకరులు అడిగితే, అది రన్ అనీ, కాదు పాస్ కూడా కావచ్చనీ, గాలిని బట్టీ వేసుకున్న జెర్సీని బట్టీ మారుతుందనీ చెప్పి అందర్నీ నవ్వించాడు. అక్కడితో నా నోటుపుస్తకం మూతపడింది.

కాబట్టి నిఘంటువు వెతక్కు. అందరూ మూగే హడిల్‌లో ఆట పేరు చెప్పాక చివర క్వార్టర్‌బ్యాక్ ‘ఆన్ టూ’ అంటాడు చూడు, నీకు కావలసింది అదే. రెండో ‘హట్’ అరుపుకి సెంటర్ బంతి వెనక్కి అందిస్తాడు. అప్పటిదాకా గడ్డి మీద ఆనించిన నీ చెయ్యి లేవకూడదు. మధ్యలో వచ్చే ‘బ్లూ ఎయిటీ’ లాంటివి చాలావరకు ఉత్త చప్పుడు. అయితే, ‘ఇవాళ్టి రంగు ఎరుపు’ అని ముందే అనుకుని ఉంటే, ‘రెడ్’ అన్న తర్వాత వచ్చేది మాత్రం నిజమైన మాట, ఆట మారిందన్నమాట. ‘54 మైక్’ అంటూ వేలు చూపిస్తే, అవతలి మధ్య లైన్‌బ్యాకర్ అతనేనని. ఎవరు ఎవర్ని ఆపాలో అక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవాలి. హడిల్‌లో రెండు ఆటలు చెప్పి లైన్ దగ్గర ‘కిల్, కిల్’ అన్నాడా, మొదటిది వదిలేసి రెండోది ఆడాలి.

చిన్నప్పుడు పరుగుపందెంలో మేం ‘ఒకటీ, రెండూ, రెండున్నరా’ అని సాగదీసేవాళ్ళం. తొందరపడ్డవాడు కాలు కదిపేసేవాడు. హార్డ్ కౌంట్ అచ్చం అదే. మొదటి ‘హట్’ గట్టిగా విరిచి అంటే అవతలివాడు గీత దాటతాడు, మనకి అయిదు గజాలు ఊరికే వస్తాయి. ఆ ఒమాహా రోజున శాన్ డియాగోవాళ్ళు అలా పదేపదే తూలారు. అవతలివాళ్ళు బంతి కదలడం కంటితో చూశాకే కదలాలి. నీకు అంకె ముందే తెలుసు. ఆ రెప్పపాటే నీ లాభం.

అరుపులే లేకుండానూ ఆడతారు. జనం హోరులో ఏమీ వినబడనప్పుడు సెంటర్ పక్కనుండే గార్డ్ వెనక్కి చూసి, క్వార్టర్‌బ్యాక్ సైగ అందగానే సెంటర్‌ని తడతాడు. వాషింగ్టన్‌లో బధిరుల కోసం నెలకొన్న గాలొడెట్ విశ్వవిద్యాలయం జట్టు పెద్ద డోలు మోగించి, ఆ అదురుని ఒంటితో అందుకుని కదిలేది. చేతి సైగలు ఎదుటివాళ్ళ కంటపడకుండా గుండ్రంగా మూగి మాట్లాడుకునే హడిల్‌ని 1890ల్లో మొదలుపెట్టిందీ వాళ్ళేనంటారు.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. సోఫా ముందు వంగి నిలబడు, నేను అరుస్తాను. ఆన్ త్రీ. మొదటి ‘హట్’ ఇల్లెగిరిపోయేలా ఉంటుంది, మీ అమ్మకి ముందే చెప్పిపెట్టు.

మీ మామయ్య