పుట్టిన ఏడాది మార్చేస్తే తప్పెవరిది?

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. పుట్టిన సంవత్సరం 2000 అని కొట్టి ఓ యాప్‌లో చేరిపోయాడు. తప్పు వాడిదా, మాదా, కంపెనీదా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అబద్ధం వాడిదేనమ్మా. కానీ అంకె తిప్పగానే తెరుచుకునే తలుపు పెట్టింది కంపెనీ. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి వివరాలు వాడుకోవాలంటే, తల్లిదండ్రుల అనుమతి నిజమో కాదో సరిచూసుకోవాల్సింది కంపెనీయే. తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, ఈ బాధ్యతకు 18 నెలల గడువిచ్చారు. వయసు తేల్చే వంకతో ప్రతి యాపూ ఆధార్ కాపీ అడగడం మొదలెడితే అదింకో తలనొప్పి. కాపీ బదులు, వయసును ధ్రువీకరించే డిజిలాకర్ టోకెన్‌తో సరిపెట్టుకునే వీలు నిబంధనల్లోనే ఉంది.

ఇవాళ మాత్రం ఖాతా తీసేయమని యాప్‌లోని ఫిర్యాదుల అధికారికి అసలు పుట్టినతేదీతో మెయిల్ పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోనైతే, పిల్లల ఫోన్ వాడకాన్ని పెద్దలు గమనించే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టండి, వాడికి చెప్పే పెట్టండి.