లారీ ఏరియల్ విప్పే ముందు



ఎర్రవల్లి చౌరస్తాలో వైరింగు షాపు తెరిచిన అల్లుడు ఫోన్లో ఒక్క ముక్క అడిగి పెట్టేశాడు: "లారీల రేడియో గరగరమంటే ఏరియల్ మారిస్తే సరిపోతదా మామా?" ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి మామ కాగితం పట్టాడు. మారిస్తే బాగుపడే బండ్లున్నాయి. కొత్తది బిగించినా గరగర వదలని బండ్లూ తక్కువేం లేవు. ఏది ఏ రకమో తేల్చకుండా పానా అందుకునే మెకానిక్ డ్రైవర్ డబ్బునీ తన పొద్దునీ రెంటినీ పోగొడతాడు.

అసలు మన పాలమూరు వైపు నేల రేడియోకు కాస్త కష్టమైనదే. 44వ నంబరు జాతీయ రహదారి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ మీదుగా ఎర్రవల్లికి వస్తుంది. అక్కడి నుంచి ఆలంపూర్ చౌరస్తా, తుంగభద్ర, కర్నూలు. ఎఫ్ఎం స్టేషన్లన్నీ 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యలోవి. ఆ తరంగాలు ఇంచుమించు చూపు మేరకే పోతాయి, నేల వంపు వెనక్కి తిరగవు. హైదరాబాద్ పాటలు జడ్చర్ల దాటాక సన్నబడతాయి, కర్నూలు గొంతు లేవడానికి ఇంకా టైముంటుంది. ఏరియల్ గట్టిదైతే ఆ సందులో కూడా పాట నిలుస్తుంది, లేకుంటే గరగర. అల్లుడి షాపు సరిగ్గా ఆ సందులోనే ఉంది, గిరాకీకి లోటు లేదు.

నాగర్‌కర్నూల్ వైపు కథ వేరు. అచ్చంపేట దాటి మన్ననూరు చేరితే ముందు నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. ఆగిన లారీలో డ్రైవర్‌కు తోడు రేడియోనే. కొండ చాటున ఎఫ్ఎం రాకపోతే ఎంత ఖరీదైన ఏరియల్ కడ్డీ పెట్టినా దాన్ని పుట్టించలేదు. మీడియం వేవ్ అలా కాదు, అది నేలను పట్టుకుని పాకుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రానిది 738 కిలోహెర్ట్జ్. డ్రైవర్‌కు ఆ బ్యాండు గుర్తు చేస్తే సగం ఫిర్యాదు అక్కడే తీరవచ్చు. 2023 ఏప్రిల్ 28న దేశమంతటా కలిపి 91 కొత్త ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు మొదలయ్యాయి. ఒక్కోటి 100 వాట్లదే కాబట్టి వాటి చేరువ కొద్ది కిలోమీటర్లే. అందుకే "ఇది పెట్టించుకో, ఫలానా స్టేషన్ తప్పక వస్తది" అని మాట ఇచ్చే మెకానిక్ తర్వాత మొహం చాటేయాల్సి వస్తుంది.

ఇక జబ్బు కనిపెట్టడం. ఇంజన్ ఆపి రేడియో వినాలి. ఆపగానే మోత పోయి, మళ్లీ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే కూత పెరుగుతుంటే దోషం ఆల్టర్నేటర్‌ది, లేదా ఎర్తింగుది. మొబైల్ ఛార్జర్ పీకి, అదనంగా తగిలించిన ఎల్‌ఈడీ లైట్లు ఆర్పి మళ్లీ వినాలి. చవక ఛార్జర్లు ఎఫ్ఎంను ఎంతగా పాడుచేస్తాయో చాలామంది డ్రైవర్లకు తెలియదు. తర్వాత రేడియో వెనక ఏరియల్ ప్లగ్ పీకాలి. పీకినా మోత తగ్గకపోతే అది కరెంటు తీగ గుండా వస్తోందన్నమాట, ఏరియల్‌ను తిట్టి లాభం లేదు. ఆఖరున ఆ ప్లగ్ దూరే రంధ్రంలో 75 సెంటీమీటర్ల మామూలు తీగ గుచ్చి, బాడీకి తగలకుండా కిటికీలోంచి బయటికి నిలబెట్టాలి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, అందులో పావు వంతే ఈ 75. ఆ తీగకు పాట తేటగా వస్తే రేడియో బాగుంది, పోయింది ఏరియలే. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. దీన్ని వదిలేసి నేరుగా సెట్టు విప్పే మేస్త్రీలను చూస్తే మామకు ఒళ్లు మండుతుంది.

మీటరు పరీక్ష మరీ సులువు. ప్లగ్ నడిమి సూది నుంచి కడ్డీకి దాదాపు సున్నా ఓములు చూపాలి. సూది నుంచి బండి బాడీకి అసలు దారి ఉండకూడదు. ప్లగ్ బయటి గొట్టం నుంచి బాడీకి మళ్లీ సున్నా. చూస్తున్నంతసేపూ క్లీనర్ చేత కడ్డీని అటూ ఇటూ ఊపించాలి, ఎందుకంటే గతుకుల్లో తప్ప బయటపడని తెగుళ్లే ఎక్కువ. ఏరియల్ బేసులోనే యాంప్లిఫయర్ ఉన్న రకానికి ఈ లెక్కలు నడవవు, దానికి ముందు కరెంటు అందుతోందా లేదా చూడాలి.

సూది నుంచి బాడీకి కొన్ని వేల ఓములు చూపిందంటే లోపల నీళ్లున్నాయి. బేసు కింది రబ్బరు ఎండకు పగులుతుంది, పాలమూరు ఎండకు ఏ రబ్బరు ఆగుతుంది? తొలకరి వానకు ఆ పగులులోంచి నీరు దిగుతుంది. కేబుల్ లోపల రాగి అల్లిక జాలి ఉంటుంది కదా, అది ఒత్తి నూనెను పీల్చినట్టు ఆ నీటిని చాలా దూరం లోపలికి లాగేస్తుంది. జాలి నల్లబడి, పచ్చగా చిలుముపట్టి, చేత్తో నలిపితే పొడి రాలుతుంది. పైన కేబుల్ తొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతుంది. అందుకే పాడైన కొస నాలుగంగుళాలు కోసి, కొత్త ముక్క మెలితిప్పి, టేపు చుట్టి పంపిస్తే వచ్చే వానాకాలానికి ఆ బండి మళ్లీ షాపు ముందే ఉంటుంది. బేసు, కేబుల్, కింది రబ్బరు మూడూ ఒక్కసారే మార్చాలి. కడ్డీ బాగుంటే, మర సరిపోతే పాతదే పెట్టొచ్చు.

మార్చడానికి టీవీ కేబుల్ వాడదామన్న ఆలోచన అందరికీ వస్తుంది, చవక కదా. టీవీ కేబుల్లో ఎక్కువగా జాలి అల్యూమినియంది, దానికి మామూలు సోల్డరు అంటదు. నడిమి తీగ చాలావాటిలో రాగి పూత పూసిన ఇనుము, డాష్‌బోర్డు మలుపుల్లో వంగీ వంగీ విరుగుతుంది. వైర్‌లెస్ సెట్లకు వాడే 50 ఓముల కేబుల్ ఇంకో చిక్కు తెస్తుంది. 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 400 మీటర్లు దాటుతుంది, దాని ముందు మీటరు కడ్డీ ఏపాటిది? అది పట్టే సిగ్నల్ అతి బలహీనం. 50 ఓముల కేబుల్‌కు మీటరుకు ఇంచుమించు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, ఆ కాస్త సిగ్నల్‌ను దారిలోనే మింగేస్తుంది. బండి రేడియోకని చేసిన కేబుల్లో సన్నని తీగ బోలు గొట్టంలో వదులుగా కూర్చుంటుంది, ఆ మింగుడు సగానికి తగ్గుతుంది. అందుకే కొందరు మార్చిన బండ్లలో ఎఫ్ఎం గణగణమంటుంది, మీడియం వేవ్ మూగబోతుంది. డ్రైవర్ మాత్రం స్టేషనే మూసేశారనుకుంటాడు.

బిగింపులో రెండు చోట్లే చెయ్యి జాగ్రత్తగా ఆడాలి. ఒకటి లాగడం. బ్యాటరీ నెగటివ్ తీసేసి, పాత కేబుల్ కొసకు గట్టి తాడు కట్టి పైకి లాగితే తాడు దాని దారిలోనే నిలుస్తుంది. కొత్తదాన్ని ఆ తాడుకే కట్టి వెనక్కి లాగాలి. క్యాబిన్ స్తంభం పక్క అట్టలన్నీ పీకి క్లిప్పులు విరగ్గొట్టే పని తప్పుతుంది. తలుపు కీలు దగ్గర కేబుల్ నలగకూడదు, రంధ్రంలో రబ్బరు బుష్ ఉండాలి, లోపలికి దూరే ముందు కేబుల్ ఒక వంపు కిందికి దిగాలి. జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

రెండోది ఎర్తు. బేసు కింది పళ్ల వాషరు కూర్చునే చోట పెయింటు గీకి ఇనుము తేలాలి. బిగించాక దాని చుట్టూ కొంచెం పెట్రోలియం జెల్లీ, పైన సీలెంటు. ముందే సీలెంటు పూసి బిగిస్తే ఇనుముకూ ఇనుముకూ మధ్య గోడ కట్టినట్టే. క్యాబిన్ పైకప్పు ఫైబర్‌దైతే అక్కడ ఎర్తు దొరకదు, అద్దం బ్రాకెట్టుకో ఇనుప చట్రానికో మార్చుకోవాలి. కడ్డీని పొడవు చేయమని అడిగే డ్రైవర్లుంటారు. వరిగడ్డి ఎత్తుకుని పల్లె దారుల్లో పోయే బండి మీద వేలాడే కరెంటు తీగలు గుర్తుపెట్టుకుని మెకానిక్ ఆ మాట వినకపోవడమే మంచిది.

ఇక రేడియోకు అందే కరెంటు సంగతి. పెద్ద లారీలు 24 వోల్టులు, టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి 12. కారు నుంచి తీసిన 12 వోల్టుల సెట్టును పెద్ద లారీలో పెట్టి, రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే కరెంటు లాగే పద్ధతి ఈ రోడ్డు మీద మామూలు. ఒక బ్యాటరీ ఎప్పుడూ ఆకలిగా, రెండోది అతిగా నిండి, కొన్నాళ్లకు రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టాలి. అది కూడా నాసిరకందైతే మళ్లీ మోత తెస్తుంది కాబట్టి ఏరియల్ కేబుల్‌కు దూరంగా బిగించాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. అద్దాలు మూసుకుని నడిపే డ్రైవర్ చెవికి ఇంతకాలం గాలి హోరులో కలిసిపోయిన గరగర ఇప్పుడు విడిగా వినిపిస్తుంది, ఫిర్యాదులు పెరుగుతాయి.

పని అయ్యాక బేసు మీద రెండు చెంబుల నీళ్లు పోసి, మీటరు మళ్లీ పెట్టి, అప్పుడు పెబ్బేరు దాకా ఒక తిప్పు తిరిగి రావాలి. తీసేసిన బేసు, కేబుల్ కాగితంలో చుట్టి డ్రైవర్ చేతికే ఇవ్వాలి. జాలి నల్లబడ్డ చోట తొడుగు చీల్చి చూపిస్తే బేరం కూడా తగ్గుతుంది. గద్వాలలోనైనా వనపర్తిలోనైనా పాత సామాను కళ్లారా చూడనిదే జేబులోంచి డబ్బు తీయని ఓనర్లు చాలామందే ఉన్నారు.

ఇట్లు,
గద్వాల నుంచి మామ