ధర్మనిర్ణయమున ఆత్మతుష్టి
ధర్మము ఈశ్వరాజ్ఞాధీనమా, మానవవివేకాధీనమా అను ప్రశ్నకు మన శాస్త్రములు ఒకే సమాధానము నీయలేదు. న్యాయకుసుమాంజలికర్త ఉదయనుని మతమున వేదము ఈశ్వరప్రణీతము. కావున ధర్మప్రామాణ్యమునకు ఈశ్వరుడే మూలము. పూర్వమీమాంసకులకు వేదము అపౌరుషేయము. కుమారిలభట్టు శ్లోకవార్తికమున సృష్టికర్తను, సర్వజ్ఞుని సాధించు యుక్తులను ఖండించెను. అట్లని ధర్మమును మానవేచ్ఛకు విడువలేదు, విధివాక్యమే ప్రమాణమనెను.

మరి మనుస్మృతి ద్వితీయాధ్యాయమున వేదస్మృతిసదాచారములతోపాటు పరిగణితమైన ఆత్మతుష్టికి చోటెక్కడ? యాజ్ఞవల్క్యస్మృతిలోని అట్టి వచనమును వ్యాఖ్యానించుచు మితాక్షరాకారుడు విజ్ఞానేశ్వరుడు దానిని వికల్పవిషయములకు పరిమితము చేసెను. ఉపనయనము గర్భాష్టమమునా, జన్మాష్టమమునా అనునపుడు కర్త యిచ్ఛయే నియామకము. ఆయనకు పూర్వుడైన కుమారిలుని దృష్టి ఇంతకంటె విశాలము. ఉప్పుగనిలో పడినదెల్ల ఉప్పైనట్లు, వేదసంస్కారము పొందిన చిత్తమునకు తోచినదియు ప్రమాణమగునని తంత్రవార్తికాశయము. అచ్చట కాళిదాసుని దుష్యంతుని మాటను సైతము ఉదాహరించుట గమనార్హము.

అయితే ఒక చిక్కు కలదు. చిత్తము సంస్కృతమైనదని నిర్ణయించువారెవరు? శిష్టులందుమా, శిష్టులను గుర్తించుటెట్లు? వేదానుష్ఠానమును బట్టి యన్నచో, వేదార్థనిర్ణయమునకు విచారమే శరణ్యము. మీమాంస యనగా విచారమే కదా! కావున వివేకము ధర్మమునకు మూలము కాకపోయినను, ధర్మమును గుర్తించుటలో అనివార్యమని అంగీకరింపక తప్పదు.